చదివి వినిపించేవాళ్లు

చదువు రాని మనిషికి కూడా పేపరు తెలిసిన కాలం ఒకటి ఈ మిరప నేలల్లో నడిచింది. ఊరికి వచ్చేది ఒక్క పత్రిక. అదీ పోస్టులో, ఒక రోజు ఆలస్యంగా. కాఫీ హోటలు బల్ల మీదో, పంచాయతీ ఆఫీసు అరుగు మీదో అది పడేసరికి పదిమంది చేరేవాళ్లు. అందులో ఒకడికి చదవటం వస్తుంది. మిగతా తొమ్మిదిమందికీ వినటం వస్తుంది. ఆ తొమ్మిదిమందీ ఊరికే వినే రకం కాదు. "ఆగరా, ఆ ముక్క మళ్లీ చదువు" అనేవాడొకడు. "పత్తి ధర అన్నావే, అది మన గుంటూరుదా, ఆదోనిదా?" అని నిలదీసేవాడొకడు. చదివేవాడు దాటేసి పోదామంటే కుదరదు. అర్థంకాని మాటను గొణిగి తప్పించుకుందామన్నా కుదరదు. "నాకూ తెలియదు బాబాయ్" అని ఒప్పుకోవాల్సిందే.

ఉత్తరాల సంగతి ఇంకా సున్నితమైంది. మిలటరీలో ఉన్న కొడుకు రాసిన ఉత్తరం పట్టుకుని ఒక తల్లి వాకిట్లో నిలబడితే, పదమూడేళ్ల కుర్రాడు దాన్ని విప్పి చదివేవాడు. ఆ వయసుకే వాడికి ఊళ్లో సగం ఇళ్ల గుట్లు తెలుసు. ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో, ఎవరి కోడలు పుట్టింటి నుంచి రానంటోందో తెలుసు. అవి పైకి అనకూడదని కూడా తెలుసు. చెడ్డ కబురైతే ముందు తను కళ్లతో ఒకసారి చూసుకుని, లోపలికి పోయి పెద్దవాళ్లను పిలుచుకొచ్చి, అప్పుడు గొంతు విప్పేవాడు. ఏ తరగతి పుస్తకంలోనూ లేని పాఠం అది.

దీన్ని ఎవరూ సంఘసేవ అనుకోలేదు. నాలుగక్షరాలు వచ్చినవాడు ఊరికి బాకీ పడ్డట్టే లెక్క. ఎవరు ఏ కాగితం తెచ్చినా చదివి పెట్టాలి, అంతే. పొలం పనిలో ఉన్నా చెయ్యి కడుక్కుని రావాలి. బాగా బతకటం గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఈ బాకీ గుర్తుకొస్తుంది. అది మనకు తెలియకుండానే ఎప్పుడో రద్దయిపోయింది.

అలాగని పాత చదువుల్ని పొగిడేవాళ్ల పక్కన కూర్చోవటం నాకు కష్టం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు: మీ జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్లెందరు, వాళ్లది ఏ కులం? లెక్కలన్నీ చేరి 1826కి తేలిందేమిటంటే, ప్రెసిడెన్సీ మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. గుంటూరు వంతు 574 బడులు. తెల్లవాడి బడి రాకముందే మనకు వాడవాడలా చదువుందని ఈ అంకెలు చూపించి మురిసేవాళ్లున్నారు. అదే లెక్కలో జనాభా కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. బడికి పోయేవాడు అరవై ఏడు మందికి ఒక్కడని మన్రోయే రాశాడు. ఆడపిల్లలు అన్ని జిల్లాల్లో కలిపి ఐదు వేలు దాటలేదు. ఊరికి అవతల, వాగు పక్కన ఉండే పేటల నుంచి ఆ బడి అరుగుల మీద కూర్చున్నవాళ్లు అరుదు. పదేళ్లు తిరగకముందే, 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు జిల్లాలో మూడో వంతుకు పైగా జనాన్ని ఊడ్చుకుపోయింది. అప్పుడిక అక్షరాల మాట ఎత్తేదెవరు?

ఆ వీధిబడుల్లో ఇసుకలో ఓనమాలు దిద్దించేవాళ్లు. పెద్దవాడైతే తాటాకూ గంటమూ. తప్పు చదివితే గుంజీళ్లు, గోడకుర్చీ, మరీ అల్లరివాణ్ణి దూలానికి తాడు కట్టి వేలాడదీసే కోదండం. ఇప్పటి తల్లిదండ్రులు కోదండం చూస్తే పోలీస్ స్టేషనుకు పోతారు, పోవలసిందే. కానీ దసరా వచ్చిందంటే అదే అయ్యవారు పిల్లల చేతికి విల్లంబులిచ్చి, పాటలు పాడించుకుంటూ ఇంటింటికీ తిప్పేవాడు. ప్రతి గడప ముందూ పిల్లలు నిలబడి గొంతెత్తి తమకు వచ్చింది వినిపించాలి. ఇంటివాళ్లు అయ్యవారికి మామూలు ఇచ్చి, పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టేవాళ్లు. తన డబ్బుతో నడిచే బడిలో పిల్లలేం నేర్చుకుంటున్నారో ఊరు ఏడాదికొకసారి తన చెవులతో వినేది. పిల్లవాడికీ తెలిసేది, తను నేర్చిందాన్ని నలుగురి ముందు పెట్టాలని.

టంగుటూరి ప్రకాశం ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు మూడు రూపాయల కోసం ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టిన సంగతి ఆయన తన జీవిత కథలో చెప్పుకున్నాడు. ఆ తరవాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడనే మాస్టారు ఆ కుర్రవాణ్ణి చేరదీసి తనతోపాటు రాజమండ్రి తీసుకుపోయాడు. తల్లీ మాస్టారూ కలిసి నిలబెట్టిన ఆ చదువు ఆయన్ని పెద్ద ప్లీడరును చేసింది, బోలెడు సంపాదించి పెట్టింది. ఆ సంపాదనంతా ఆయన పత్రికలకీ జైళ్లకీ ఊళ్లకీ ఖర్చు పెట్టేశాడు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీ ముందు రొమ్ము విప్పి నిలబడ్డాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు, 1957లో చేతిలో ఏమీ లేకుండా పోయాడు. ఆయన రాజకీయాలతో ఎవరికైనా పేచీ ఉండవచ్చు, నాకూ కొన్నిచోట్ల ఉంది. మూడు రూపాయల చీర బాకీని ఆ మనిషి ఎంత వడ్డీతో తీర్చాడో చూస్తే మాత్రం నోట మాట రాదు.

ప్రకాశానికి బడిలో చోటు దొరకటం కష్టమైంది డబ్బు లేక. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాకు డబ్బుతో తీరే కష్టం కాదు. బడిలో అడుగడుగునా కులం పేరుతో అవమానాలు పడ్డాడు. పద్యం పట్టుబడ్డాక, వినుకొండలోనే ఒక అవధాన సభలో తన పద్యాలు చదివితే, ఇలాంటివాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచారు. చదవటం వచ్చి, అందరికంటే బాగా వచ్చి, వినిపిస్తానంటే వినేది లేదని సభ చెప్పటం అది. బాకీ తీర్చుకోవటానికి కూడా కులం కావలసిన రోజులవి. జాషువా గుంటూరులో లూథరన్ బడిలో పంతులుగా పనిచేశాడు, 'గబ్బిలం' రాశాడు, ఆఖరికి అదే సమాజం ఆయన కాలికి గండపెండేరం తొడిగింది. ఆ గౌరవంతో పాత అవమానం చెల్లిపోయిందని నేను అనుకోను.

చదివి వినిపించేవాళ్లంతా మంచివాళ్లని కూడా కాదు. దస్తావేజులో ఒకటి రాసి, పైకి మరొకటి చదివి, కింద వేలిముద్ర వేయించుకున్న కరణాల కథలు పల్నాటి నుంచి కనిగిరి దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. 1984లో ఎన్టీ రామారావు కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసినప్పుడు ఊళ్లు పండగ చేసుకున్నది అందుకే. ఇంకొకడి కళ్లతో చదువుకునేవాడు ఆ ఇంకొకడి దయ మీద బతకాలి. అందుకని అందరికీ చదువు రావాలి అన్న మాటలో రెండో మాట లేదు.

ఆ చదువు తలుపు ఒక్కరు తెరిచింది కాదు. 1842 జూలై ఆఖర్న హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో దిగాడు. ఆయన పెట్టిన బడుల పరంపరలోంచే 1885లో ఇప్పటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల పుట్టింది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో ఆడవాళ్ల కోసం శారదా నికేతనం పెట్టారు. 'మాలపల్లి' నవల వచ్చిందీ ఆ ఏడే. జైల్లో కూర్చుని నవల రాసి, బయట బడి నడిపిన ఇల్లు అది. చీరాల పక్కన వేటపాలెంలో కొందరు కుర్రవాళ్లు 1918లో చిన్నగా మొదలుపెట్టిన పుస్తకాల గది సారస్వత నికేతనమైంది. గాంధీ వచ్చినప్పుడు విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. చూడటానికి వెళ్లేవాళ్లు కర్ర దగ్గర ఫోటో తీసుకుని వచ్చేస్తారు. నన్నడిగితే అక్కడ చూడవలసింది పాత పత్రికల కట్టలు. దూరాల నుంచి పరిశోధకులు వచ్చి వాటి ముందు రోజులకు రోజులు కూర్చుంటారు.

వీళ్లందరిలో నాకు ప్రత్యేకంగా ఇష్టమైనవాడు పాతూరి నాగభూషణం. దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో గ్రంథాలయం పెట్టి, అక్కడితో ఆగకుండా 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో నడిచే పడవలో పుస్తకాలు పెట్టాడు. అప్పట్లో కృష్ణా కాలువల మీద పడవలే బస్సులు. గంటలకొద్దీ ప్రయాణం, చేసేందుకు పనేమీ ఉండదు. చదవటం వచ్చినవాడు పుస్తకం తీసుకుంటాడు, రానివాడు పక్కకు జరిగి వింటాడు. ఇదేమంత ఖర్చయ్యే ఆలోచన కాదు. జనం ఎక్కడ తీరిగ్గా కూర్చుంటారో కనిపెట్టి అక్షరాన్ని అక్కడికి తీసుకుపోవటం, అంతే. ఇవాళ గుంటూరు నుంచి తుళ్లూరు పోయే బస్సులో జనం కూర్చునే తీరు చూస్తే ఆ మనిషి ఏం చేసేవాడో అని ఆలోచిస్తుంటాను. ప్రతివాడి చేతిలోనూ ఒక తెర ఉంది. ప్రతివాడి చెవిలోనూ వేరే గొంతుంది.

అక్షరం రాని జనం ప్రజా జీవితంలో ఏ మాత్రం పాల్గొనగలరని అనుమానం ఉన్నవాళ్లు చీరాల, పేరాల సంగతి చూడాలి. 1919లో ఆ రెండు ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు చేరింది. అక్కడి జనంలో ఎక్కువమంది నేతపనివాళ్లు. పన్ను లెక్కలు, మునిసిపల్ చట్టం, ప్రభుత్వ నోటీసులు అన్నీ ఇంగ్లీషులో. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆ కాగితాల్లో ఉన్నదాన్ని వాళ్ల వాకిట్లోకి తెచ్చాడు. ఆటల్లో, పాటల్లో, పద్యంలో, హాస్యంలో పెట్టి చెప్పాడు. ఆయన కూడగట్టిన వాలంటీర్ల దళం రామదండు వాళ్లు ఊరూరా తిరిగారు. అర్థమయ్యాక ఆ జనం చేసింది చదువుకున్నవాళ్లు కూడా చేయలేని పని: 1921లో వేల సంసారాలు ఊరొదిలి బయట పొలాల్లో రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకీ వానకీ ఉన్నాయి. మునిసిపాలిటీ హద్దులో మనిషే లేకపోతే పన్ను ఎవరు కడతారు? దుగ్గిరాలను బరంపురంలో పట్టుకుని ఏడాది జైల్లో పెట్టారు, మాట్లాడవద్దన్న చోట మాట్లాడాడని. ప్రభుత్వానికి ఆయన చదువుతో ఇబ్బంది లేదు, వినిపించటంతోనే ఇబ్బంది.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక కొన్నాళ్లకు పంచాయతీ ఆఫీసుల మీద మైకులు లేచాయి. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న రైతులు ఆ మైకు కింద కూర్చుని వ్యవసాయదారుల కార్యక్రమం వినేవాళ్లు. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్త ఏదో మందు పేరు చెబితే, కార్యక్రమం అయిపోయాక అసలు చర్చ మొదలు. "నా చేలో కొట్టి చూశాను, పని చేయలా" అని ఒకడు, "నీళ్లు ఎన్ని కలిపావు?" అని ఇంకొకడు. రేడియో చెప్పిన దాంట్లో ఎంత తీసుకోవాలో ఆ అరుగు తేల్చేది.

2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలోనే దూరి కూర్చునే పురుగు. అంతకుముందు ఇక్కడెవరూ దాన్ని ఎరుగరు, అందుకని ఏ మందుకు లొంగుతుందో కూడా ఎరుగరు. ప్రతి రైతు చేతిలో ఫోను ఉంది, ఫోనులో యూట్యూబు ఉంది. పక్కపక్క గట్ల వాళ్లు ఇద్దరు రెండు వేరు వేరు వీడియోలు చూసి, రెండు వేరు వేరు మందులు తెచ్చి, ఒకే వారంలో కొట్టారు. దేనికి పురుగు చచ్చిందో, దేనికి చావలేదో పోల్చుకునే చోటు లేకపోయింది. వరస పిచికారీలతో అప్పులు మిగిలాయి. సమాచారం మునుపటికంటే వంద రెట్లు ఉంది. కూర్చుని దాన్ని జల్లించే పదిమంది లేరు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర ముక్కోణం ఉంటే అన్నిటికంటే ఘాటైన విషమని, ఆ తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని వరస. డబ్బాలో పెట్టే మడత కాగితం మీద పది భాషల్లో చీమల బారులాంటి అక్షరాలుంటాయి. తెలుగూ ఉంటుంది. దాన్ని భూతద్దం లేకుండా చదవగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. రైతుకు దాన్ని విడమరిచి చెప్పేది మందు అమ్ముకునే కొట్టువాడు.

చదువుకున్న పిల్లలు లేరా ఊళ్లో? లేరు. అసలు సంగతి అక్కడుంది.

గుంటూరు నుంచి అమరావతి పోయే దారిలో తాడికొండ వస్తుంది. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, సర్వేల్ గురుకుల పాఠశాల మొదలైన మరుసటి ఏడు, 1972లో ఇక్కడా ఒక గురుకులం పెట్టారు. పల్లెల్లో తెలివైన పేదపిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, ఉచితంగా భోజనం, బట్ట, చదువు ఇచ్చి తీర్చిదిద్దటం దాని ఉద్దేశం. దాన్ని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు. కిరోసిన్ దీపం కింద చదివిన పిల్లలు అక్కడి నుంచి కలెక్టర్లయ్యారు, డాక్టర్లయ్యారు, వాళ్ల ఇళ్లల్లో తరతరాల దరిద్రం ఒక్క తరంలో తెగిపోయింది. అయితే ఆ మంచి పనితోపాటే ఒక అలవాటు కూడా మనలో నాటుకుంది. తెలివైన పిల్లవాడంటే ఊళ్లోంచి తీసేయాల్సినవాడు అన్న అలవాటు.

ఎంసెట్ వచ్చాక ఆ అలవాటు వ్యాపారమైంది. గుంటూరు, విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీలు లేచాయి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ప్రతి మేడ మీదా ఒక బోర్డు. మిరపకాయలు అమ్మిన డబ్బు యార్డు నుంచి నేరుగా ఫీజు కౌంటరుకు పోవటం మా వైపు మామూలు. తెల్లవారుజామున లేపి కూర్చోబెట్టే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్ష, నెలకొక్కసారి అమ్మానాన్నా వచ్చి గేటు దగ్గర తినిపించి పోయే బిర్యానీ. పదిహేనేళ్ల కుర్రాడు రెండేళ్లలో తన గది గోడలు తప్ప ఇంకేమీ చూడడు. ఎవరికీ ఏమీ చదివి వినిపించడు. పరీక్షలో అందరివీ వేరు వేరు సెట్లు, పక్కవాడికి చెప్పటం నేరం. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదువుతారు. ఈ రాష్ట్రంలో చదువు పేరు మీద గొంతెత్తి చదివి వినిపించేది ఇప్పుడు అదొక్కటే.

ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడి తండ్రి పత్తి చేలో మందు కొట్టి కొట్టి, నువ్వైనా ఈ ఎండలో పడకూడదురా అని పంపాడు. పోయి గెలిచాడు. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉండి నెలనెలా డబ్బు పంపుతాడు, ఊళ్లో రామాలయానికీ బడి ప్రహరీకీ చందా ఇస్తాడు. బాకీ తీర్చట్లేదని అనటానికి లేదు. డబ్బుతో తీర్చటం ఒక్కటే నేర్చుకున్నాడు. తండ్రి చేతిలో బ్యాంకు కాగితం పక్కన కూర్చుని చదివే మనిషి మాత్రం డల్లాస్ నుంచి రాడు. వీడియో కాల్‌లో కాగితాన్ని కెమెరాకు ఎదురుగా పట్టుకుంటే, "కొంచెం పైకి, ఇంకొంచెం ఎడమకి" అంటూ వాడు చదివి చెబుతాడు. అది చూసినప్పుడు నాకు కొంత నవ్వొస్తుంది, కొంత ఊరట కలుగుతుంది. పాత బాకీ అంత తొందరగా చచ్చేది కాదులెమ్మని.

అమరావతి పేరెత్తగానే ఇప్పుడు అందరికీ రాజధాని గుర్తొస్తుంది. అంతకంటే చాలా పాత సంగతి ఒకటుంది. రెండు వేల ఏళ్ల నాటి ఇక్కడి మహాస్తూపం రాళ్ల మీద దానం చేసినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. వర్తకులున్నారు, గృహిణులున్నారు, విధికుడనే చర్మకారుడు కుటుంబంతో సహా ఉన్నాడు. ఫలానా గురువు శిష్యురాలిని అని చెప్పుకున్న భిక్షుణులున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి వచ్చి ఇక్కడ పట్నం కట్టినప్పుడు ఆ దిబ్బ తవ్వి రాళ్లు మేడలకీ మెట్లకీ వాడుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే చాలా పోయింది. తవ్వినవాళ్లను తిట్టటం తేలిక. ఆ అక్షరాలను చదవగలిగిన మనిషి ఆనాడు భూమి మీద ఒక్కడు కూడా లేడు. బ్రాహ్మీ లిపి గుట్టు ప్రిన్సెప్ విప్పింది 1837లో. చదివి వినిపించేవాడు లేని అక్షరం రాయితో సమానం, రాయిగానే వాడారు.

ఇక రాజధాని. 2015లో 29 ఊళ్ల రైతులు ముప్పైమూడు వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఇచ్చేటప్పుడు అంగీకారానికి 9.3 ఫారం, ఆ తరవాత 9.14 ఒప్పందం. ఎకరా మెట్టకు వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం. నీటి వసతి ఉన్న జరీబు భూమికైతే వ్యాపార స్థలం 450 గజాలు. పదేళ్లపాటు కౌలు, మెట్టకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా పది శాతం పెంపు. ఈ అంకెలన్నీ ఇవాళ మందడంలోనో వెలగపూడిలోనో మునుపు పశువులు కాసుకున్న ముసలాయన్ని అడగండి, తడుముకోకుండా చెబుతాడు. ఫారాల నంబర్లు కూడా చెబుతాడు. ఆయన వాటిని చదివి నేర్చుకోలేదు. విని నేర్చుకున్నాడు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక రోడ్డు పక్కన శిబిరాలు వెలిశాయి. అక్కడ రోజూ ఎవరో ఒకరు పేపరు పైకి చదివేవాళ్లు. కోర్టులో ఏం జరిగిందో ఒక ప్లీడరు వచ్చి చెబితే, పొద్దుటి పూట వంటపని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది, వందల పేజీలు, ఇంగ్లీషులో. సాయంత్రానికి తుళ్లూరులో చిన్నపిల్లలకు కూడా దాని సారం తెలుసు. ఎవరి పక్షం న్యాయం అన్న సంగతి పక్కన పెట్టి చూస్తే, నాకు అది చీరాల తరవాత వందేళ్లకు మళ్లీ కనపడిన వాకిలి బడి. కష్టం మీద పడితే తప్ప ఆ బడి తెరుచుకోదేమోనన్నదే బాధ.

ఆ శిబిరాలకు కూతవేటు దూరంలో, నీరుకొండలో, ఐనవోలులో 2017 నుంచి పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. అద్దాల మేడలు, దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు. కంప్యూటర్ సైన్సులో వాళ్లకున్న ప్రజ్ఞకు నేను దండం పెడతాను. గేటు బయట టీ కొట్టు నడిపే ఆమె తన ప్లాటు కాగితంలో ఉన్న సర్వే నంబరు తప్పు పడిందని తెలుసుకోవటానికి మూడు ఆఫీసులు తిరిగింది. రోజుకు నాలుగు వందల మంది చదువుకున్నవాళ్లు ఆమె దగ్గర టీ తాగుతారు.

2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా అక్షరాస్యత 67 శాతం చిల్లర, ప్రకాశం 63. ఆ తరవాత ఇంకొంచెం పెరిగే ఉంటుంది. ఎంత పెరిగినా అక్షరాలు రానివాళ్లు మన చుట్టూ ఇంకా లక్షల్లో ఉన్నారు. అక్షరాలు వచ్చినవాళ్లలో కూడా ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, పంటబీమా షరతులు, ఫోనులో వచ్చే బ్యాంకు మెసేజి అర్థమయ్యేవాళ్లు ఎందరు? నాకే చాలాసార్లు అర్థంకావు. అందుకని ఈ మధ్య ఒక పని చేస్తున్నాను, గొప్పకేం కాదు. బ్యాంకులోనో మీసేవలోనో ఎవరైనా కాగితం తిప్పుతూ నిలబడితే అడిగి చదివి పెడుతున్నాను. మౌనంగా చదివి సారాంశం చెప్పకుండా, మొత్తం పైకి చదువుతున్నాను. అలా చదివితే రెండు జరుగుతాయి. వాళ్లు మధ్యలో ఆపి అడుగుతారు, అడిగినప్పుడు నాకు అర్థమైందనుకున్నది అర్థంకాలేదని బయటపడుతుంది. ఇన్నేళ్లు చదివిన చదువులో నాకు ఇంత మేలు చేసిన పరీక్ష ఇంకొకటి లేదు. కొందరు అనుమానంగా చూసి కాగితం లాక్కుంటారు. కరణాల జ్ఞాపకం ఇంకా పోలేదు మరి, వాళ్లను తప్పు పట్టను.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మునిసిపల్ హైస్కూలుకు వచ్చి పిల్లల తల్లిదండ్రులతో కూర్చున్నాడు. ఇలాంటి సభల్లో ఫోటోలు ఎక్కువ, పని తక్కువ అని విసుక్కునేవాళ్లుంటారు, కొంత నిజం కూడా. కానీ దసరా పాటలు పోయిన ఇన్నేళ్లకు ఊరు మళ్లీ ఒకపూట బడిలో కూర్చుంది. మిరప కోతలకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలున్న బడుల్లో ఇది మరీ చూడదగ్గది. అక్కడ చాలామంది తల్లులకు ప్రోగ్రెస్ కార్డు చదవటం రాదు. టీచరు కార్డు తల్లి చేతిలో పెడుతుంది, తల్లి దాన్ని పక్కనే ఉన్న పిల్లవాడి చేతికిస్తుంది, వాడు పైకి చదవాలి. తెలుగులో ఎన్ని, లెక్కల్లో ఎన్ని. లెక్కల దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త సన్నబడుతుంది. టీచరు ఎదురుగానే ఉంది కాబట్టి ఉన్నది ఉన్నట్టే చదువుతాడు. తల్లి ఊరుకోదు.

"ఆగు, ఆ ఆఖరిది మళ్లీ చదువు" అంటుంది.